ఇసుక, తకిలీ, బీరువా

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అంతకు ముందటి ఏడాది గవర్నరు థామస్ మన్రో జిల్లాలన్నిటి నుంచీ రప్పించమన్న లెక్కల్లో అదొకటి. తెలుగు వ్యాకరణం రాసిన దొర కావడం వల్లనేమో, క్యాంప్‌బెల్ అంకెలు నింపి ఊరుకోలేదు. బడిలో చదువు ఎలా సాగుతోందో కూడా రాశాడు. అయిదో ఏట పిల్లవాణ్ణి బళ్ళో వేసేవారు. మొదటి రోజు చెయ్యి పట్టి బియ్యంలో దేవుడి పేరు రాయించేవారు. మర్నాటి నుంచి నేల మీద పరిచిన ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడం. ఐరోపాలో పిల్లలు ముందు అక్షరాలను నోటితో వల్లిస్తారు, ఇక్కడివాళ్ళు ముందు చేత్తో రాస్తారు అని ఆయన ప్రత్యేకంగా గుర్తించాడు. ఇసుక దాటాక తాటాకు మీద గంటం, కాగితం మీద కలం. పలకలకు బదులు బొగ్గుపొడి పూసిన చెక్కలుండేవి. గంజి పెట్టి బిరుసెక్కించిన గుడ్డను పుస్తకంలా మడిచి, బొగ్గూ బంకా పట్టించిన కడితాలుండేవి. దాదాపు అన్నీ ఊళ్ళో దొరికేవే, ఊళ్ళోవాళ్ళు చేసుకోగలిగేవే. ఇంత చవకగా రాత నేర్పడాన్నీ, ముందు నేర్చినవాడు వెనక వచ్చినవాడికి నేర్పడాన్నీ మెచ్చుకుంటూ, ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సబబేనన్నాడు.

ఆ అనుకరణ కథ మద్రాసులోనే మొదలైంది. ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమాన్ని 1789 నుంచి చూస్తున్న ఆండ్రూ బెల్ అనే పాదరీ ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో రాస్తుండడం చూసి, తన బడిలోనూ అలాగే చేయమన్నాడు. ఉపాధ్యాయులు మొరాయించారు. దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడికి అక్షరాల తరగతిని అప్పగించాడు, పని జరిగిపోయింది. 1797లో లండన్‌లో బెల్ అచ్చువేసిన చిన్న పుస్తకంతో ‘మద్రాసు పద్ధతి’ పేరుకెక్కింది. ఇంగ్లండులోని పేదపిల్లల బడుల్లో ఇసుక బల్లలు వెలిశాయి. ఈ రోజు ‘కృత్యాధార బోధన’ అనగానే అది పరదేశపు నిధులతో దిగిన సరుకని విసుక్కునేవారు ఈ ప్రయాణం ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు సాగిందో గమనించాలి. ఇక రెండో అపోహ, డబ్బున్న బళ్ళకే ఇవన్నీ చెల్లుతాయన్నది. ఇసుకకు ఖరీదు లేదు. రెండు వందల ఏళ్ళ చరిత్ర చూస్తే చేతిపనితో నేర్పే చదువుకు డబ్బు లేమి అంత పెద్ద శత్రువుగా కనబడదు. వస్తువు పిల్లవాడి చేతిలో, దాన్ని వాడే నిర్ణయం పంతులు చేతిలో ఉన్నన్నాళ్ళూ ఆ చదువు బతికింది. వస్తువు ఆస్తిగా, పని ఆజ్ఞగా మారిన ప్రతిసారీ చచ్చిపోయింది.

అలాగని వీధిబడిని స్వర్ణయుగం చేసి పూజించనక్కర్లేదు. అదే క్యాంప్‌బెల్ అక్కడి పిల్లలు అర్థం తెలియని పద్యాలను చిలకల్లా అప్పజెబుతున్నారని చిరాకుపడ్డాడు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట, రెండోవాడికి సున్నా, మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు, వరుసలో ఒక్కొక్కటి పెంచుతూ. చేతులు కట్టి దూలానికి వేలాడదీసే శిక్ష కూడా ఆ నివేదికలో ఉంది, మన పెద్దలు కోదండం అన్నది దాన్నే. మన్రో 1826లో తేల్చిన లెక్క ప్రకారం మద్రాసు రాజధానిలోని 12,498 బడుల్లో 1,88,650 మంది చదువుతుంటే, వారిలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. అంటరానివారన్న ముద్ర పడిన కులాల పిల్లలకు చాలాచోట్ల అరుగెక్కే హక్కే లేదు. చెయ్యి ఆడింది అక్షరం దగ్గరే. అర్థం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయి నోరు అందుకునేది. పైగా నిజంగా చేత్తో బతికే కుమ్మరి, సాలె, వడ్రంగి నేర్పుకు ఆ బడి చదువులో చోటు లేదు. ఈ లోటు గుర్తు పెట్టుకోవాలి, తర్వాతి నూరేళ్ళ గొడవంతా దీని చుట్టూనే తిరిగింది.

జర్మనీలో ఫ్రోబెల్ 1837లో మొదలుపెట్టి 1840లో ‘కిండర్‌గార్టెన్’ అని పేరుపెట్టిన పద్ధతి పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోగా మద్రాసు రాజధానికి చేరింది. ఉన్ని బంతులు, కొయ్య దిమ్మెలు, కాగితం మడతలు, చాపల్లిక. చేరడమైతే చేరింది గానీ చాలాచోట్ల టైంటేబుల్లో ఒక పీరియడై కూర్చుంది. పంతులు ‘ఒకటి’ అంటే మడవాలి, ‘రెండు’ అంటే విప్పాలి. అదే వస్తువు ఆలోచన ఉన్న మనిషికి దొరికితే ఏమవుతుందో చెప్పడానికి తండలం సుందరరావు ఒక్కడు చాలు. కిండర్‌గార్టెన్ సామగ్రిలోని కాగితం మడతల పొట్లం చూసి ఆయనకొక ఊహ పుట్టింది. కాగితాన్ని మడుస్తూ రేఖాగణితాన్ని నిరూపించే పుస్తకం రాసి 1893లో మద్రాసులో అచ్చువేశాడు. జర్మన్ గణిత దిగ్గజం ఫెలిక్స్ క్లైన్ దాన్ని తన రచనలో ప్రస్తావించాడు. 1901లో అమెరికాలో మరో కూర్పు వచ్చింది. పసిపిల్లల తరగతి నుంచి తీసుకున్న కాగితం ముక్క ప్రపంచ గణితంలోకి నడిచి వెళ్ళింది. మన బడుల్లో మాత్రం పడవలూ కప్పలూ చేయించి అక్కడితో ఆపేశారు, ఇప్పటికీ అంతే.

1939 నవంబరులో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసు అడయారుకు వచ్చింది. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో, శత్రుదేశపు పౌరురాలిగా ఇక్కడే చిక్కుబడి, దేశం నలుమూలల నుంచి వచ్చిన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆమె సామగ్రిలో ప్రసిద్ధమైనవి గరుకు కాగితం అక్షరాలు. పిల్లలు వేలితో తడిమి అక్షరం ఆకారాన్ని పట్టుకుంటారు. వేలికి గరుకు తగిలి, ఆ స్పర్శతో అక్షరం మనసుకెక్కడం ఇసుకలో దిద్దిన ఊళ్ళకు కొత్తేమీ కాదు. కొత్తదేమిటంటే, ఏ వస్తువు ఎప్పుడు తీసుకోవాలో పిల్లవాడే ఎంచుకోవడం. అది చాలా పెద్ద మార్పు. కానీ అచ్చమైన సామగ్రి ఖరీదు పట్నపు బళ్ళకే అందింది; కాలక్రమాన ఆమె పేరు మన ఊళ్ళలో ఇంగ్లీషు మీడియం బడుల బోర్డుల మీద మిగిలి, లోపల ఎక్కాలూ కాపీ పుస్తకాలూ నడుస్తున్నాయి. అంతకు చాలా ముందే 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచిన గిజుభాయి బధేకా ఆ పద్ధతిని కథలతో, ఆటలతో, చవక వస్తువులతో గుజరాతీ పిల్లలకు అతికేలా మలిచాడు. అలా మలుచుకునే స్వేచ్ఛ మన పంతుళ్ళకు ఎవరూ ఇవ్వలేదు.

అసలు పరీక్ష చేతివృత్తి ద్వారా చదువు నేర్పాలన్న గాంధీ పథకంతో వచ్చింది. 1937 అక్టోబరులో వార్ధా సభ, డిసెంబరులో జాకీర్ హుస్సేన్ కమిటీ నివేదిక. రోజుకు అయిదున్నర గంటల బడిలో మూడు గంటల ఇరవై నిమిషాలు చేతివృత్తికి. మాతృభాషకు నలభై నిమిషాలు. తకిలీ తిప్పుతూ నూలు పొడవు కొలిస్తే లెక్కలు, పత్తి ఎక్కడ పండుతుందో తెలుసుకుంటే భూగోళం. ఊహలో లోపం లేదు. అయితే పిల్లలు తీసిన నూలు అమ్మి పంతులు జీతం రాబట్టవచ్చన్న ఆశ దానికి తోడైంది. బడిని మగ్గాల కొట్టంగా మారుస్తారా అని ఆనాడే ఆర్థికవేత్త కె.టి. షా వంటివారు నిలదీశారు. ఇంకా బలమైన అభ్యంతరం కులం వైపు నుంచి వచ్చింది. తరతరాలుగా చేతిపనికే కట్టుబడిన ఇళ్ళవాళ్ళు పిల్లల్ని బడికి పంపేది ఆ పని నుంచి బయటపడడానికి. బళ్ళోనూ కదురే చేతికిస్తే వాళ్ళకు ఒరిగేదేమిటి? 1953లో ముఖ్యమంత్రి రాజాజీ పూటబడి పెట్టి, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోమన్నప్పుడు ‘కులవిద్య’ అని మద్రాసు రాష్ట్రం భగ్గుమన్నది ఇందుకే. మరుసటి ఏడాది ఆయన గద్దె దిగాడు, పథకమూ పోయింది. ఈ అభ్యంతరాన్ని ఎవరూ తేలిగ్గా తోసేయకూడదు. కాకపోతే అది తప్పుపట్టేది అమ్మకానికి చేసే పనిని, పుట్టుకతో అంటగట్టే పనిని. అగ్రహారం పిల్లవాడూ, మాలపల్లి పిల్లవాడూ ఒకే బల్ల దగ్గర మట్టి పిసికి, ఏ కుండలో ఎక్కువ నీళ్ళు పడతాయో కొలిచి చూసుకుంటే, అది కులవృత్తిని పిల్లలకు అంటగట్టదు. చేతిపని హీనమన్న భావనను అక్కడే కొంత అరగదీస్తుంది. గాంధీ పథకంతో వచ్చిన బేసిక్ స్కూళ్ళలో ఆ తేడా నిలబడలేదు. ఎన్ని నూలు లడీలు తీశారన్న లెక్క రిజిస్టరులోకి ఎక్కింది, పిల్లలకు ఏం అర్థమయిందన్నది ఎక్కలేదు.

1987లో మొదలైన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ ప్రతి ప్రాథమిక పాఠశాలకు రెండు గదులు, ఇద్దరు టీచర్లతో పాటు లెక్కల కిట్టూ, సైన్సు కిట్టూ ఇవ్వాలని తలపెట్టింది. చాలా బళ్ళలో వచ్చిన కిట్లు బీరువా దిగలేదు. పోతే, విరిగితే జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టరు. స్టాకు రిజిస్టరు పిల్లలకన్నా భయంకరమైనది. అదే కాలంలో బ్రిటన్ సాయంతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అసలు ఊహలో మెరుగైనది: కృత్యాలు టీచరే తయారు చేసుకోవాలి, చుట్టుపక్కల వస్తువులే వాడాలి, పిల్లలు చేసినవి తరగతిలో ప్రదర్శించాలి. రాష్ట్రమంతా పరిచేసరికి అందులో తనిఖీకి తేలిగ్గా కనిపించే అంశం ఒక్కటే మిగిలింది. గది అడ్డంగా దారాలు కట్టి, చార్టులు వేలాడదీయడం. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో బోధన సామగ్రి కోసం టీచరుకు ఏటా అయిదు వందల రూపాయలు ఇస్తే, అందులో ఎంతో భాగం రంగు చార్టులకూ, మేళాలో బహుమతి కొట్టే థర్మోకోల్ నమూనాలకూ పోయింది. వాటిని పిల్లలు ముట్టుకోకూడదు, పాడవుతాయి!

ఒక్క టీచరు అయిదు తరగతులను చూసే బడిలో ఇవన్నీ కుదరవన్నది ఈనాటి గట్టి వాదన. దానికి జవాబు మదనపల్లె పక్కనే ఉంది. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం సరిగ్గా అలాంటి ఏకోపాధ్యాయ బడుల కోసమే పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, బొమ్మల గుర్తులతో నిచ్చెనలా పేర్చింది. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో పిల్లలకే తెలుస్తుంది. ముందున్నవాడు వెనకవాడికి చూపిస్తాడు. క్యాంప్‌బెల్ మెచ్చిన పద్ధతే, బెత్తం లేకుండా, అర్థంతో. ఈ కార్డులను చూసి వెళ్ళిన మైసూరు జిల్లా టీచర్లు 1995లో కర్ణాటకలో ‘నలి–కలి’ మొదలుపెట్టారు. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బళ్ళు అదే దారి పట్టాయి. ఈ పద్ధతికీ జబ్బు రాదని కాదు. కార్డులను మార్చుకునే హక్కు టీచరుకు లేనిచోట అవి కూడా మరో పాఠ్యపుస్తకమైపోతాయి.

2023 ఫిబ్రవరిలో కేంద్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం ‘జాదూయీ పిటారా’ అనే ఆటవస్తువుల పెట్టె విడుదల చేసింది. పెట్టె మంచిదే. జిల్లా విద్యాధికారులు ఒక్క ఉత్తర్వు ఇవ్వగలిగితే చాలు: అందులోని వస్తువులు విరిగినా, అరిగినా, పోయినా టీచరును సంజాయిషీ అడగరాదు, ఏడాది చివర కొత్తగా మిగిలిన పెట్టె కనబడితే మాత్రం ఎందుకు తెరవలేదని అడగాలి.