వేప్‌లో వాట్లు: ఆ అంకె దేన్ని నిర్ణయిస్తుంది?

వాట్లు మార్చుకునే వీలున్న ఈ-సిగరెట్‌పై చిన్న తెర, అందులో ఒక అంకె, పక్కనే పెంచడానికీ తగ్గించడానికీ మీటలు ఉంటాయి. కొత్తగా చేతిలోకి తీసుకున్నవారు దాన్ని రేడియో శబ్దం పెంచే మీటలా చూస్తారు. ఎక్కువ పెడితే ఎక్కువ ఆవిరి వస్తుందన్నంత వరకు అది నిజమే. కానీ కాయిల్ ఎంత వేడెక్కాలి, ఒంట్లోకి ఎంత నికోటిన్ చేరాలి, లోపలి ద్రవం ఆవిరవుతుందా మాడిపోతుందా అన్నవి కూడా ఆ అంకె మీదే ఆధారపడి ఉంటాయి.

భారత్‌లో ఈ పరికరాల అమ్మకం నిషిద్ధం. బ్రిటన్ వంటి దేశాల్లో మాత్రం వయోజనులకు దుకాణాల్లోనే దొరుకుతాయి. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన తెలుగువారికి ఇవి ఎదురవుతూనే ఉంటాయి. అందుకే ఈ వాట్ల లెక్క ఏమిటో తెలుసుకోవడం అవసరం.

పరికరం లోపల ఏముంది?

దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్టే, ఈ-సిగరెట్‌లో దూది ద్రవాన్ని పీల్చుకుని కాయిల్‌కు అందిస్తుంది. కాయిల్ అంటే చుట్టలా చుట్టిన లోహపు తీగ లేదా సన్నని జల్లెడ. బ్యాటరీ నుంచి కరెంటు పారితే అది వేడెక్కి దూదిలోని ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఆ ద్రవంలో ప్రధానంగా ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ ఉంటాయి. వాటికి రుచినిచ్చే పదార్థాలు, చాలావాటిలో నికోటిన్ కలుపుతారు. ప్రొపిలీన్ గ్లైకాల్ సుమారు 188 డిగ్రీల సెల్సియస్ వద్ద, గ్లిసరిన్ సుమారు 290 డిగ్రీల వద్ద మరుగుతాయి.

ఇక్కడ రెండు వేగాలు సరిపోవాలి. ఒకటి కాయిల్ ద్రవాన్ని ఆవిరి చేసే వేగం, రెండోది దూది కొత్త ద్రవాన్ని అందించే వేగం. మొదటిది రెండోదాన్ని దాటితే దూది ఎండిపోతుంది. అప్పుడు వేడి ద్రవాన్ని వదిలి దూదిని మాడుస్తుంది.

వోల్టు కొంచెం, వాట్లు చాలా

వోల్టేజీని దానితోనే హెచ్చించి, వచ్చినదాన్ని కాయిల్ నిరోధంతో భాగిస్తే వాట్లు వస్తాయి. 3.7 వోల్టుల బ్యాటరీకి 1.2 ఓమ్‌ల కాయిల్ తగిలిస్తే సుమారు 11 వాట్లు. అదే బ్యాటరీకి 0.5 ఓమ్ కాయిల్ పెడితే 27, 0.2 ఓమ్ పెడితే 68 వాట్లు దాటుతాయి. ఓమ్‌లు తగ్గేకొద్దీ కాయిల్ లాగే శక్తి పెరుగుతుందన్నమాట.

వోల్టేజీ ఒకటిన్నర రెట్లు పెరిగితే శక్తి రెండు రెట్లు దాటిపోతుంది. 3.3 వోల్టుల నుంచి 5 వోల్టులకు వెళితే వాట్లు 2.3 రెట్లవుతాయి. తెరపై చిన్న మార్పుగా కనిపించేది కాయిల్ దగ్గర పెద్ద మార్పవడానికి కారణం ఇదే.

ఎక్కడ మొదలుపెడతారు?

కాయిల్ మీదో దాని డబ్బా మీదో ఎన్ని ఓమ్‌లు, ఎన్ని వాట్ల నుంచి ఎన్ని వాట్ల వరకు వాడవచ్చు అన్నది ముద్రించి ఉంటుంది. అన్ని పరికరాలకూ సరిపోయే ‘సరైన వాటేజీ’ అంటూ లేదు, ఆ కాయిల్‌కు చెప్పిన పరిధే ప్రమాణం. పరిధిలోని కనిష్ఠ అంకె దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే ఒక్కో వాటు చొప్పున పెంచడం సాధారణ పద్ధతి. గరిష్ఠ అంకె చేరాల్సిన లక్ష్యం కాదు, దాటకూడని హద్దు.

కొత్త కాయిల్ వేసినప్పుడు ద్రవం పోసి, దూది పూర్తిగా తడిసేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. గ్లిసరిన్ ఎక్కువున్న చిక్కటి ద్రవం దూదిలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. సన్నని రంధ్రాలున్న చిన్న కాయిల్‌లో దాన్ని పోస్తే తక్కువ వాట్ల వద్ద కూడా మాడు వాసన రావచ్చు. ఆ వాసన వస్తే వాట్లు పెంచి చూడటం కాదు, వెంటనే ఆపాలి. దూది ఒకసారి మాడితే ఆ కాయిల్ మార్చాల్సిందే.

నికోటిన్ లెక్క వేరు

సీసాపై 20 మిల్లీగ్రాములని ఉంటే అది ఒక మిల్లీలీటరు ద్రవంలోని నికోటిన్. ఒక్కో దమ్ముకు ఎంత చేరుతుందన్నది ఎంత ద్రవం ఆవిరైందన్న దాన్నిబట్టి ఉంటుంది. బీరుట్‌లోని అమెరికన్ యూనివర్సిటీ పరిశోధకులు తమ సహచరులతో కలిసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో వోల్టేజీ, దమ్ము నిడివి, ద్రవం గాఢత మారేకొద్దీ నికోటిన్ పరిమాణం 50 రెట్లకు పైగా తేడా చూపింది.

అందుకే 20 మిల్లీగ్రాముల ద్రవాన్ని తక్కువ వాట్ల పరికరాల్లో, 3 నుంచి 6 మిల్లీగ్రాముల ద్రవాన్ని ఎక్కువ వాట్ల పరికరాల్లో వాడతారు. గాఢ ద్రవాన్ని తీసుకెళ్లి 60 వాట్ల కాయిల్‌లో పోస్తే తలతిరుగుడు, వాంతులు, గుండెదడ రావచ్చు. ఇవి నికోటిన్ మోతాదు మించిందనడానికి గుర్తులు.

మాడితే పుట్టేవి

బాణలిలో నూనె పొగలు కక్కినప్పుడు కళ్లు మండించే ఘాటు తెలుసు కదా. అందులో ఉండే అక్రోలిన్ గ్లిసరిన్ విచ్ఛిన్నమైనప్పుడు కూడా పుడుతుంది. దానితోపాటు ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ వస్తాయి. ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది.

పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2015లో ఒక పరికరాన్ని పరీక్షించారు. 3.3 వోల్టుల వద్ద ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే సమ్మేళనాలు కనబడలేదు, 5 వోల్టుల వద్ద కనబడ్డాయి. అంత వేడిలో మాడు రుచి వస్తుందనీ, దాన్ని మనిషెవరూ భరించి పీల్చరనీ ఇతర పరిశోధకులు విమర్శించారు. ఇద్దరి మాటల్లోనూ తేలేది ఒకటే: వేడి పెరిగితే విషాలు పెరుగుతాయి. అయితే తీపి, పుదీనా రుచులు మాడును కొంత కప్పేయవచ్చు. కాబట్టి నాలుకను మాత్రమే నమ్ముకోలేం.

బ్యాటరీ మరో ప్రమాదం

నిండుగా ఉన్న లిథియం బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది. 0.2 ఓమ్ కాయిల్‌కు అది 21 ఆంపియర్ల కరెంటు పంపుతుంది. చాలా మామూలు బ్యాటరీలు ఇంత భారం మోయలేవు. నియంత్రణ సర్క్యూటు ఉన్న పరికరం ఇలాంటప్పుడు ఆగిపోతుంది. అది లేని పరికరంలో బ్యాటరీ పేలే ప్రమాదముంది. పైపొర చిరిగిన బ్యాటరీని వాడకూడదు. విడి బ్యాటరీని తాళంచెవులు, చిల్లర ఉన్న జేబులో వేయకూడదు.

సరిహద్దు దాటితే

భారత ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారా ఈ-సిగరెట్లను నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలు నేరం. మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ చేయడానికి ఆరు నెలల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానాతో వేరే శిక్ష ఉంది. ‘వాడకం’ అన్న మాట చట్టం నిషేధాల జాబితాలో లేదు. కానీ తేవడం, అమ్మడం, నిల్వ చేయడం నేరమైనప్పుడు అది చట్టబద్ధంగా చేతికొచ్చే దారి లేదు. విదేశాల నుంచి వచ్చేవారు పెట్టెలో వేసుకుని రావడం కూడా దిగుమతే. సింగపూర్‌లో 2018 నుంచి, మాల్దీవుల్లో 2024 డిసెంబరు నుంచి దగ్గర ఉంచుకోవడమూ నేరమే.

సిగరెట్ మానలేని వయోజనులకు వేప్ తక్కువ హానికరమని, పొగతాగనివారు దాని జోలికి వెళ్లకూడదని బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ చెబుతోంది. భారత వైద్య పరిశోధన మండలి మాత్రం 2019 మేలో పూర్తి నిషేధాన్నే సిఫారసు చేసింది. మన దేశంలో మానాలనుకునేవారికి నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. జాతీయ పొగాకు విరమణ హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

వేప్ వాడకం చట్టబద్ధమైన చోట, సిగరెట్‌కు బదులుగా దాన్ని ఎంచుకున్నవారికి వాట్లు తగ్గించడం హానిని కొంత తగ్గిస్తుంది. పూర్తిగా పోగొట్టదు. ఇప్పటివరకు ఏదీ తాగనివారికి ఏ అంకె దగ్గర పెట్టినా అది కొత్తగా తెచ్చుకునే అలవాటే.