యూరిక్ ఆమ్లం హెచ్చినవారు రక్తపోటును మరువరాదు

సరిహద్దు పల్లెల ప్రజలు పెద్ద వైద్యానికి బెంగళూరు వెళ్లడం తరతరాలుగా ఉన్నదే. విక్టోరియా ఆసుపత్రి ఆ నగరంలో 1900లోనే ప్రారంభమైంది. కుప్పం, హిందూపురం, మదనపల్లె ప్రాంతాలవారికీ, కర్ణాటకలోని బాగేపల్లి, ముళబాగిలు తాలూకాల తెలుగు కుటుంబాలకూ దగ్గరి మహానగరం అదే. అక్కడ చేయించుకున్న రక్తపరీక్షల కాగితాలలో ‘యూరిక్ యాసిడ్’ అనే మాట ఎదుట హెచ్చు గుర్తు కనిపించడంతో కలవరపడేవారు అనేకులు. కొందరు ఇంటికి రాగానే కందిపప్పు మానివేస్తారు. మరికొందరు మందుల దుకాణంలో మాత్రలు కొని మింగుతారు. ఆ అంకెతో పాటు తప్పక చూసుకోవలసిన రక్తపోటును మాత్రం పట్టించుకోరు. ఈ రెండింటికీ గల సంబంధమేమిటో, ఇందులో భయపడవలసినది ఏదో, భయపడనక్కరలేనిది ఏదో ప్రతి కుటుంబమూ తెలుసుకోవడం మేలు.

యూరిక్ ఆమ్లం అంటే ఏమిటి?

శరీరంలోని ప్రతి జీవకణంలోనూ ప్యూరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. పాత కణాలు నశించినప్పుడు అవి విచ్ఛిన్నమై, చివరకు యూరిక్ ఆమ్లంగా మారుతాయి. రక్తంలోని యూరిక్ ఆమ్లంలో సుమారు మూడింట రెండు వంతులు ఈ విధంగా శరీరంలోనే తయారవుతుంది; తక్కినది ఆహారం వల్ల వస్తుంది. దానిని బయటకు పంపే పనిలో ఎక్కువ భాగం మూత్రపిండాలదే. సుమారు మూడవ వంతు పేగుల ద్వారా పోతుంది. అనేక జంతువులలో ఈ ఆమ్లాన్ని మరింత విడగొట్టే యూరికేజ్ అనే ఎంజైము ఉంటుంది. మానవులలో అది పనిచేయదు.

సాధారణంగా పురుషులలో డెసిలీటరు రక్తానికి 7 మిల్లీగ్రాముల వరకు, స్త్రీలలో 6 వరకు ఉండవచ్చునని భావిస్తారు. ప్రయోగశాలను బట్టి ఈ హద్దు కొద్దిగా మారుతుంది. 6.8 దాటితే ఈ ఆమ్లం స్ఫటికాలుగా మారే అవకాశం ఏర్పడుతుంది. ఆ స్ఫటికాలు కీళ్లలో చేరి మంట పుట్టిస్తే దానిని గౌట్ అంటారు. ఆయుర్వేదం వాతరక్తమని చెప్పే వ్యాధి లక్షణాలు దీనికి చాలా దగ్గరగా ఉంటాయి. కాలి బొటనవేలి మొదట రాత్రివేళ హఠాత్తుగా ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా భరించలేని నొప్పి పుట్టడం దీని ముఖ్య లక్షణం. అయితే యూరిక్ ఆమ్లం హెచ్చుగా ఉన్నవారిలో చాలామందికి గౌట్ ఎన్నడూ రాదు.

రక్తపోటుతో సంబంధం ఎట్లా తెలిసింది?

ఈ సంబంధాన్ని తొలినాళ్లలోనే గమనించినవారిలో ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ అనే వైద్యుడు ఒకరు. ఆయన తాతగారైన దీన్ మహమ్మద్ పాట్నాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డారు. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో పనిచేసిన ఈ మనుమడు, తాను చూసిన రక్తపోటు రోగులలో పలువురు గౌట్ ఉన్న కుటుంబాలకు చెందినవారని 1879లో రాశారు.

తరువాతి కాలంలో అనేక పరిశోధనలు దీనిని బలపరచాయి. 18 అధ్యయనాలలోని 55,607 మంది వివరాలను క్రోడీకరించి 2011లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం, యూరిక్ ఆమ్లం హెచ్చుగా ఉన్నవారికి మున్ముందు అధిక రక్తపోటు వచ్చే అవకాశం ఇతరులకంటే సుమారు 40 శాతం ఎక్కువ. డెసిలీటరుకు ఒక్కొక్క మిల్లీగ్రాము పెరిగిన కొద్దీ ఆ ప్రమాదం సుమారు 13 శాతం పెరుగుతున్నట్లు కూడా అందులో తేలింది.

ఈ ఆమ్లం రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడును తగ్గిస్తుందని, మూత్రపిండాలలోని సన్నని నాళాలను క్రమంగా మందపరుస్తుందని జంతువులపై జరిగిన ప్రయోగాలలో కనిపించింది. నాళాలు బిగుసుకుంటే రక్తపోటు పెరుగుతుంది.

ఇది కారణమా, గుర్తు మాత్రమేనా?

ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. అధిక రక్తపోటు మొదలైన 30 మంది కౌమారవయస్కులకు అల్లోప్యూరినాల్ అనే మందు ఇచ్చి యూరిక్ ఆమ్లాన్ని తగ్గించగా, 20 మందిలో రక్తపోటు సాధారణ స్థితికి వచ్చిందని 2008లో అమెరికా వైద్యులు ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న కాలంలో ఒక్కరికే ఆ ఫలితం కలిగింది. దీనితో పెద్ద ఆశ పుట్టింది. కాని 18 నుంచి 40 ఏళ్ల మధ్య వయసుగల 99 మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో అదే మందు రక్తపోటును తగ్గించలేదు. గౌట్ లేని 5,700 మందికి పైగా వృద్ధ హృద్రోగులపై బ్రిటన్‌లో జరిగిన పరీక్షలోనూ గుండెపోటు, పక్షవాతం వంటివి ఆ మందు వల్ల తగ్గలేదని 2022లో తేలింది.

పైగా మూత్రపిండాలు మందగించినా, బరువు పెరిగినా, మధుమేహానికి ముందుదశలో ఇన్సులిన్ హెచ్చినా యూరిక్ ఆమ్లమూ పెరుగుతుంది, రక్తపోటూ పెరుగుతుంది. కనుక యూరిక్ ఆమ్లం హెచ్చడాన్ని ఒక హెచ్చరికగా తీసుకోవాలి. ఆ అంకె ఒక్కటే తగ్గితే రక్తపోటు దానంతట అదే పోతుందని తలచరాదు.

అసలు ప్రమాదం నొప్పి మాత్రలలో

కీళ్ల నొప్పికి వైద్యుని అడగకుండా డైక్లోఫెనాక్ వంటి మాత్రలను నెలల తరబడి వాడటం పల్లెల్లో సాధారణం. ఇవి రక్తపోటును పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మూత్రపిండాలు దెబ్బతింటే యూరిక్ ఆమ్లం బయటకు పోక ఇంకా పెరుగుతుంది. నొప్పి హెచ్చిందని మరిన్ని మాత్రలు మింగుతారు. చివరకు డయాలిసిస్ దాకా పోయే దారి ఇట్లా కూడా మొదలుకావచ్చు. దానికయ్యే ఖర్చు, వారానికి రెండు మూడుసార్లు పట్టణానికి తిరిగే శ్రమ ఏ రైతు కుటుంబానికైనా మోయరాని భారం.

రక్తపోటు మాత్రలలో కొన్ని, ముఖ్యంగా హైడ్రోక్లోరోథయజైడ్ వంటి మూత్రం జారీ చేసేవి, యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. లోసార్టన్ అనే మాత్ర కొంతవరకు తగ్గిస్తుంది; అయితే గర్భిణులు దానిని వాడరాదు. గుండె జబ్బుకు ఇచ్చే తక్కువ మోతాదు ఆస్పిరిన్, క్షయవ్యాధికి వాడే పైరజినమైడ్ కూడా యూరిక్ ఆమ్లాన్ని పెంచగలవు. అంతమాత్రాన వీటిలో దేనినీ సొంతంగా ఆపరాదు. మందు మార్చవలసి ఉంటే వైద్యుడే మారుస్తాడు. అల్లోప్యూరినాల్ కూడా అందరికీ వాడే మందు కాదు. గౌట్ పదేపదే వచ్చేవారికి, యూరిక్ ఆమ్లపు రాళ్లు ఉన్నవారికి వైద్యులు దానిని ఇస్తారు. కొద్దిమందిలో అది ప్రాణాంతకమైన చర్మవ్యాధి తెస్తుంది. మందు మొదలుపెట్టిన తరువాత దద్దురు కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ఆహారం సంగతి

పప్పు తింటే యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్లు పట్టుకుంటాయనే నమ్మకం బలంగా ఉంది. కందులు, అనుములు, ఉలవలలో ప్యూరిన్లు ఉన్నమాట నిజమే. అయినా ప్యూరిన్లు గల కూరగాయల వల్ల గౌట్ ముప్పు పెరగదని, మాంసం, సముద్రపు చేపల వల్ల పెరుగుతుందని, పాల వల్ల తగ్గుతుందని 2004లో ప్రకటించిన పెద్ద అధ్యయనం తెలిపింది. కనుక రాగి సంగటి, పప్పు, ఆకుకూర, మజ్జిగ తినే ఇంటివారు భయంతో పప్పు మానుకోవలసిన పని లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మాంసకృత్తుల కొలతను వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

తగ్గించవలసినవి వేరే ఉన్నాయి. మేక కార్జం, మూత్రపిండాలు, నెత్తళ్లు, అన్ని రకాల మద్యం, ముఖ్యంగా బీరు వీటిలో మొదటివి. చక్కెర కలిపిన శీతల పానీయాలు కూడా యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. బెంగళూరులో కట్టడాల పనికో, కంపెనీ ఉద్యోగానికో వెళ్లిన యువకులు ఈ విషయంలో జాగ్రత్త పడాలి. ఎండలో పనిచేస్తూ నీళ్లు తాగకపోయినా ఈ ఆమ్లం పెరుగుతుంది. దాహానికి నీరు, తక్కువ ఉప్పు వేసిన మజ్జిగ ఉత్తమం. రక్తపోటు విషయంలో మాత్రం ఉప్పే ముఖ్యం. రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా లోపల ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఊరగాయ, అప్పడం, ఎండుచేపలలోని ఉప్పును కూడా ఇందులోనే లెక్కించాలి.

చేయవలసిన పని

2023లో వెలువడిన జాతీయ స్థాయి సర్వే ప్రకారం దేశంలోని వయోజనులలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. బెంగళూరులోని సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థ కూడా పాలుపంచుకున్న 17 దేశాల అధ్యయనం 2013లో మరో విషయం బయటపెట్టింది. అధిక రక్తపోటు ఉన్నవారిలో ఆ సంగతి తమకు తెలిసినవారు సగం కంటే తక్కువే. ఈ జబ్బుకు నొప్పి లేకపోవడమే అందుకు ముఖ్య కారణం.

అందువల్ల యూరిక్ ఆమ్లం హెచ్చుగా ఉన్నదని తెలిసిన ప్రతి ఒక్కరూ రక్తపోటు చూపించుకోవాలి. దానితో పాటు క్రియాటినిన్, రక్తంలో చక్కెర, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు కూడా అవసరం. రక్తపోటు చూసుకునే ముందు అరగంట వరకు కాఫీ, టీ, బీడీ ముట్టరాదు. ఐదు నిమిషాలు ఊరక కూర్చుని, వీపు ఆనించి, చేతిని గుండె ఎత్తులో పెట్టి చూపించుకోవాలి. వేర్వేరు రోజులలో చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటే వైద్యం తప్పదు. ఇందుకు ప్రతిసారీ బెంగళూరు పోనక్కరలేదు. సమీపంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవచ్చు. రెండు రాష్ట్రాల ఆసుపత్రులలో తిరిగేవారు పాత కాగితాలను, వాడుతున్న మందుల చీటీలను ఒకే సంచిలో భద్రపరచుకుని వెంట తీసుకువెళితే, ఒకే మందును రెండు పేర్లతో మింగే ప్రమాదం తప్పుతుంది.

గర్భిణికి రక్తపోటు పెరిగి, తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు ఉంటే ఆలస్యం చేయరాదు. ఎవరికైనా మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం కనిపిస్తే అది పక్షవాతపు సూచన. తెల్లవారే వరకు వేచి ఉండక 108కు ఫోన్ చేయాలి.