ఏడు ముక్కోణాల ఇల్లు – దాని వెనకున్న చరిత్ర

అమెరికా రచయిత నథానియల్ హాథార్న్ 1851లో ఒక నవల అచ్చు వేయించాడు. దాని పేరు 'ది హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్స్'. గేబుల్ అంటే వాలు కప్పు ఉన్న ఇంటికి గోడ పైభాగంలో కనిపించే ముక్కోణం. అలాంటివి ఏడు ఉన్న పాత చెక్క ఇల్లు, ఆ ఇంట్లో ఒకే రకంగా చచ్చిపోయే మనుషులు, దొరకని దస్తావేజు, ఒక శాపం, ఊళ్ళోంచి మాయమైపోయిన ఒక కుటుంబం. చదువుతుంటే దెయ్యాల కథలాగే ఉంటుంది. కానీ ఇందులో దెయ్యం కన్నా ఎక్కువ భయపెట్టేది చరిత్రే. ముందు నవల సంగతి చెప్పి, తరవాత అసలు ఏం జరిగిందో రాస్తాను.

నవలలో కథ

సేలం అనే ఊళ్ళో మాథ్యూ మాల్ అనే పేదవాడు అడవి కొట్టి, గుడిసె వేసుకుని ఉండేవాడు. పక్కనే మంచినీటి ఊట. ఆ నేల మీద కల్నల్ పించన్ అనే పెద్దమనిషి కన్ను పడింది. తగాదా ఏళ్ళ తరబడి సాగింది. ఇంతలో ఊళ్ళో మంత్రగాళ్ళ వేట మొదలైంది. మాల్ మంత్రగాడని గట్టిగా అరిచినవాళ్ళలో కల్నల్ ఒకడు. ఉరికంబం దగ్గర మాల్ అతన్ని చూపించి శపించాడు. కల్నల్ అదే నేల మీద ఇల్లు కట్టాడు. గృహప్రవేశం రోజున చుట్టాలందరూ వచ్చి గది తలుపు తీస్తే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చి ఉన్నాడు. గడ్డం మీద నెత్తురు.

ఆ తరవాత పించన్ల ఇంట్లో ఇలాంటి చావులే మళ్ళీ జరుగుతాయి. ఒక చావుకి క్లిఫర్డ్ అనే అమాయకుడు ముప్ఫై ఏళ్ళు జైల్లో మగ్గుతాడు. మాల్ వంశం మాత్రం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. చివరికి తెలిసేదేంటంటే, ఆ చావులు పించన్ల వంశంలో ఉన్న జబ్బు వల్ల వచ్చినవే. దస్తావేజు కల్నల్ బొమ్మ వెనకాలే ఉంది. ఇల్లు కట్టిన వడ్రంగి మాల్ కొడుకే, దాచిందీ అతనే. మాయమైన వంశంవాడు అదే ఇంట్లో అద్దెకుంటున్నాడు. అంటే మంత్రం ఎక్కడా లేదు. ఉన్నది నేల మీద ఆశ, ఒక అబద్ధం, దాన్ని నమ్మిన ఊరు.

హాథార్న్‌కి ఈ కథ ఎక్కడిది?

హాథార్న్ పుట్టింది సేలంలోనే, 1804లో. మన తమిళనాడు సేలం కాదు, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం. 1692లో అక్కడ మంత్రగత్తెలని పట్టుకొచ్చినవాళ్ళని ప్రశ్నించిన అధికారుల్లో ఒకరు జాన్ హాథార్న్. ఆయన మన రచయిత ముత్తాతకి తండ్రి. ఆ పెద్దాయనతో తన పేరు కలవకూడదనే రచయిత తన ఇంటిపేరు ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం చేర్చుకున్నాడని చాలామంది చెప్తారు. ఒక తరం చేసిన తప్పు తరవాతి తరాల మీద పడుతుందన్నది ఆయన నవల సారం. అందుకే ఆ నవల సొంత ఇంటి కథలా కూడా ఉంటుంది.

1692లో జరిగింది

అప్పటికి మసాచుసెట్స్ ఇంగ్లండు వాళ్ళ వలస రాజ్యం. ఉత్తర సరిహద్దులో యుద్ధం జరుగుతోంది. అక్కణ్ణించి ఇళ్ళూ వాకిళ్ళూ పోగొట్టుకున్నవాళ్ళు ఈ ఊళ్ళకి వచ్చి చేరుతున్నారు. జనం భయంగా ఉన్నారు. సేలం పక్క పల్లెలో (ఇప్పుడు దాని పేరు డాన్వర్స్) చర్చి పెద్ద శామ్యూల్ ప్యారిస్ ఇంట్లో జనవరిలో ఇద్దరు ఆడపిల్లలకి ఏదో పట్టుకుంది. కూతురు బెట్టీకి 9 ఏళ్ళు, ఆ ఇంట్లోనే ఉండే అబిగేల్ విలియమ్స్‌కి 11. ఒళ్ళు వంకర్లు తిప్పుకుంటూ, ఎవరో గిల్లుతున్నట్టు అరిచేవారు. వైద్యుడు ఇది దుష్టశక్తి పనే అన్నాడు. తరవాత 12 ఏళ్ళ ఆన్ పట్నమ్, ఇంకొందరు అమ్మాయిలు కూడా అలాగే అరవడం మొదలుపెట్టారు.

చేసిందెవరని పెద్దవాళ్ళు గుచ్చి గుచ్చి అడిగారు. మొదట బయటికి వచ్చినవి మూడు పేర్లు. ప్యారిస్ ఇంట్లో బానిసగా ఉన్న టిటుబా, ఇంటింటికీ తిరిగి అడుక్కునే సారా గుడ్, జబ్బుతో మంచాన పడ్డ సారా ఓస్బోర్న్. ముగ్గురిలో ఎవరి తరఫునా మాట్లాడేవాళ్ళు లేరు. వేట ఎప్పుడూ అలాంటివాళ్ళతోనే మొదలవుతుందని నాకనిపిస్తుంది.

కానీ అక్కడితో ఆగలేదు. 71 ఏళ్ళ రెబెకా నర్స్ ఊరంతా గౌరవించే మనిషి. ఆవిడ మీద కూడా ఆన్ పట్నమ్ చెప్పింది. రెబెకా పుట్టింటివాళ్ళకీ పట్నమ్ కుటుంబానికీ పొలం గట్ల తగాదాలు అంతకు ముందు నించే ఉన్నాయి. ఆవిడ మంచిదని 39 మంది ఇరుగుపొరుగువాళ్ళు కాగితం మీద సంతకాలు చేసిచ్చారు. జూరీ మొదట ఆవిడ నిర్దోషి అనే చెప్పింది. ఆ మాట వినగానే అమ్మాయిలు కోర్టు దద్దరిల్లేలా అరిచారు. జడ్జీలు జూరీని మళ్ళీ ఆలోచించుకోమన్నారు. జూరీ అడిగిన ప్రశ్న సరిగ్గా వినబడక ఆవిడ జవాబు చెప్పలేదు. అంతే, దోషి అన్నారు. జులై 19న ఉరి తీశారు. చెల్లెలు మేరీ ఈస్టీని సెప్టెంబరు 22న ఉరి తీశారు. ఇంకో చెల్లెలు సారా క్లోయ్స్ జైలుకి వెళ్ళి ప్రాణాలతో బయటపడింది. ఒక్క ఇంటి ఆడపడుచులు ముగ్గురు!

సారా గుడ్ కుటుంబం సంగతి ఇంకా ఘోరం. ఆవిడని ఉరి తీశారు. ఆవిడ పసిబిడ్డ జైల్లోనే చనిపోయింది. నాలుగైదేళ్ళ కూతురు డొరోతీని కూడా మంత్రగత్తె అని నెలల తరబడి సంకెళ్ళతో జైల్లో ఉంచారు. ఆ తరవాత ఆ పిల్లకి మతి కుదరలేదని తండ్రి 1710లో అర్జీలో రాసుకున్నాడు. నవలలో వంశం మాయమైపోవడం మిస్టరీ. నిజంలో కుటుంబాలు మాయమైంది ఇలాగ.

మొత్తం 19 మందిని ఉరి తీశారు, 14 మంది ఆడవాళ్ళు, 5 మంది మగవాళ్ళు. విచారణకి ఒప్పుకోనని మొండికేసిన ముసలాయన జైల్స్ కోరీ మీద బండలు పేర్చి చంపేశారు. కనీసం ఐదుగురు జైల్లో చనిపోయారు. సేలంలో మంత్రగత్తెల్ని తగలబెట్టారని చాలామంది అనుకుంటారు గానీ, అక్కడ ఎవర్నీ తగలబెట్టలేదు.

సాక్ష్యం ఏది?

ఈ చరిత్రలో ముఖ్యంగా గమనించాల్సింది సాక్ష్యం. "రెబెకా నీడ నా దగ్గరికొచ్చి గిల్లింది" అని ఒక పిల్ల చెప్తే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంది. ఆ నీడ చెప్పినవాళ్ళకి తప్ప ఎవరికీ కనబడదు. "ఆ వేళకి నేను ఇంట్లో పడుకునున్నాను" అంటే, "నువ్వు ఇంట్లోనే ఉన్నావు, నీ నీడ వచ్చింది" అంటారు. ఇంక దేంతో కాదని చూపించగలరు?

దీనికి తోడు, నేరం ఒప్పుకున్నవాళ్ళు బతికారు. కాదు అని నిజం చెప్పినవాళ్ళు చచ్చిపోయారు. టిటుబా ఒప్పుకుంది, ఏడాదికి పైగా జైల్లో ఉన్నా బతికింది. శామ్యూల్ వార్డ్‌వెల్ ముందు ఒప్పుకుని, తరవాత అది అబద్ధం అన్నాడు. ఆయన్ని ఉరి తీశారు. అలాంటి చోట ఒప్పుకోలు నిజం ఎలా అవుతుంది?

వేట ఎలా ఆగిందో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1692 అక్టోబరులో గవర్నర్ విలియం ఫిప్స్ ఆ ప్రత్యేక కోర్టుని రద్దు చేశాడు. 1693 జనవరిలో కొత్త కోర్టు కూర్చుంది. నీడ సాక్ష్యం చెల్లదంది. చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చేశారు. శిక్ష పడ్డ కొద్దిమందిని కూడా ఉరి తియ్యకుండా గవర్నర్ ఆపాడు. భయం ఒక్క రోజులో పోలేదు, జనమూ మారిపోలేదు. మారింది సాక్ష్యం గురించిన నియమం ఒక్కటే.

1697లో శామ్యూల్ స్యూవల్ అనే జడ్జి చర్చిలో అందరి ముందూ నిలబడి తప్పు నాదేనన్నాడు. 1706లో ఆన్ పట్నమ్ కూడా చర్చిలో నిలబడి క్షమించమంది. జాన్ హాథార్న్ మాత్రం అలా చెప్పినట్టు ఎక్కడా లేదు.

విద్యార్థులు చేసిన పని

1711లో 22 మంది పేర్ల మీద మచ్చ తీసేస్తూ చట్టం చేశారు, కుటుంబాలకి డబ్బిచ్చారు. కొన్ని పేర్లు మిగిలిపోయాయి. వాటిలో ఎలిజబెత్ జాన్సన్ ఒకరు. 1693లో ఉరిశిక్ష పడి, గవర్నర్ వల్ల బతికిన ఆవిడకి అప్పుడు 22 ఏళ్ళు. నా పేరు కూడా చేర్చండని 1712లో అర్జీ పెట్టుకున్నా చేర్చలేదు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, అడిగేవాళ్ళు లేరు. చివరికి మసాచుసెట్స్‌లోని నార్త్ ఆండోవర్ అనే ఊళ్ళో ఎనిమిదో తరగతి విద్యార్థులు, వాళ్ళ టీచరు కలిసి పాత కాగితాలు వెతికి, శాసనసభకి అర్జీలు పెట్టారు. 2022లో ఆవిడ నిర్దోషి అని చట్టం వచ్చింది. పిల్లల మాటలతో మొదలైన ఘోరంలో మిగిలిపోయిన చివరి పేరుని పిల్లలే కడిగారు.

మన దగ్గర

ఇదంతా ఎక్కడో అమెరికాలో, ఎప్పుడో జరిగిందని అనుకోవద్దు. మనం చేతబడి అంటాం, తెలంగాణలో బాణామతి అంటారు, మన వైపు కొండ పల్లెల్లో చిల్లంగి అంటారు, ఒడియాలో మంత్రగత్తెని డాహాణి అంటారు. ఆ పేరుతో మనుషుల్ని కొట్టడం, ఊళ్ళోంచి తరమడం, చంపడం జరుగుతున్నందుకే ఒడిశాలో మంత్రగత్తె వేట నిరోధక చట్టం, 2013 వచ్చింది. బీహారులో అలాంటి చట్టం 1999లోనే చేశారు. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆ ఏడాదే అక్కడ కూడా చట్టం వచ్చింది.

మా మామ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒక ముసలావిడ వీధిలోకి వస్తే తల్లులు పిల్లల్ని పమిట చాటున దాచేవారట. "ఆవిడ ఏం చేసింది మామ్మా?" అని అడిగాను. "ఆవిడకి ముగ్గురు పిల్లలు పోయారే. ఆవిడ మాత్రం బతికే ఉంది" అంది. కాసేపాగి, "పాపం, అదే ఆవిడ నేరం" అంది. సారా గుడ్ పేరు మా మామ్మకి తెలీదు. కానీ ఆ ఇద్దరి కథా ఒకటే.

చట్టాలు వచ్చాయి, మంచిదే. కానీ చట్టం పోలీసుల దాకా వెళ్ళేలోపు మాట ఊరంతా తిరిగేస్తుంది. ఆ మాట ముందు మన ఇంటి అరుగు మీదికే వస్తుంది. "ఫలానా ఆవిడ చేసిందట" అని ఎవరైనా అంటే, "ఎవరు చూశారు? ఏం చూశారు?" అని అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సేలంలో ఆ ప్రశ్నని కోర్టు సరిగ్గా అడిగేసరికి 19 మందిని ఉరి తీసేశారు. మనం మొదటి రోజే అడుగుదాం.