బెల్లం పొయ్యి కాడి కబుర్లు

“ఏటల్లుడూ, కార్శి ఉంచీసినావా, దున్నీసినావా?”

“ఏటుంచడం మావా, జడచుట్టడానికి మనుసులేరీ? దున్నీసి సరుగుడెట్టీద్దునా అనుకుంతన్నాను.”

“సరుగుడెట్టీసి నువ్వు నీడన కూకుంతావు. పక్కన నా తోటకి ఎండెక్కడిదిరా?”

అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట మండలంలో ఏ ఊరి టీకొట్టు దగ్గరైనా, ఏ గెడ్డ గట్టు మీదైనా ఈ ధోరణిలో సాగే మాటలు చెవిన పడతాయి. దారిన పోయేవాళ్ళు పనిలేని కబుర్లనుకుంటారు. కార్శి అంటే నరికిన దుబ్బుల నుంచే మళ్ళీ లేచే చెరకు. నిలబడి వింటే అందులో కూలీల కొరత ఉంది, పంట మార్పిడి ఉంది, రెండు కమతాల మధ్య రాబోయే నీడ తగువు ఉంది. ఆ తగువు ఇంకా పుట్టలేదు. పుట్టకముందే నవ్వుకుంటూ తేల్చేసుకుంటున్నారు. “సర్లే మావా, నీ గట్టెంట నాలుగు సాళ్ళు ఒగ్గీస్తాను” అని అల్లుడు అనేదాకా ఆ మాట నడుస్తుంది. అక్కడితో ఒప్పందం అయిపోయినట్టే. సాక్షి సంతకాలు లేవు, టీ డబ్బులు ఎవరిస్తారన్నదే మిగిలిన పేచీ.

ఉత్తరాంధ్ర రైతు చరిత్ర రాసినప్పుడల్లా జమీందార్లు, శిస్తులు, ప్రాజెక్టులు, ఫ్యాక్టరీలు వస్తాయి. ఈ మాటలు రావు. అది పెద్ద లోటని నా నమ్మకం. ఏ రకం వేయాలి, ఎవరి తోట ముందు నరకాలి, నీళ్ళ వంతు ఎవరిది, కూలి ఎంత అనే నిర్ణయాలు ఈ నేల మీద తరతరాలుగా ఇలాంటి కబుర్లలోనే జరిగాయి. కాగితానికి ఎక్కినవి చాలా తక్కువ.

ఎక్కిన వాటిలో అన్నిటికన్నా పాతది రాగి మీద ఉంది. మండలంలోని దిబ్బిడి అగ్రహారంలో దొరికిన రాగిరేకులు శక సంవత్సరం 1191 నాటివి, అంటే క్రీ.శ. 1269. ఒడ్డాది రాజధానిగా ఏలిన మత్స్యవంశపు అర్జునుడు ఈ ఊరిని బ్రాహ్మణులకు దానమిచ్చిన శాసనమది. ఒడ్డాది అంటే నేటి వడ్డాదే. వంశానికి మూలపురుషుడు ఒక మత్స్యం కడుపున పుట్టాడన్న కథ, ఉత్కళ రాజు పిల్లనిచ్చి ఈ సీమను ఏలుకోమన్న కథ ఆ రేకుల్లో ఉన్నాయి. రాజుల పుట్టుక చాలా వివరంగా ఉంది. ఆ ఏడు ఆ పొలాల్ని దున్నినవాడు ఏమనుకున్నాడో లేదు. దానశాసనాల తీరే అది. ఊరి ఎల్లలు చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం ఏ రాజు దగ్గరి పండితుడైనా ఊళ్ళోవాళ్ళనే అడగాలి. ఈ చెట్టు, ఆ పుట్ట, అవతలి వాగు అని చూపించేది పొలం తిరిగే మనిషే.

ఈ రేకుల్ని చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ అయిదో సంపుటంలో ప్రకటించిన పండితుడు గిడుగు వెంకట రామమూర్తి. పర్లాకిమిడిలో మాస్టరీ చేస్తున్న రోజులవి. అంతకు ముందే ఆయన సవరల ఊళ్ళకు వెళ్ళి, సవర మాట్లాడేవాళ్ళను దగ్గర పెట్టుకొని వాళ్ళ భాష నేర్చుకుంటున్నాడు. తర్వాత పదిహేనేళ్ళు తిరక్కుండానే గురజాడ అప్పారావుతో, స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ యేట్స్‌తో కలిసి, జనం నోట ఉన్న తెలుగే బళ్ళో ఉండాలని పోరు మొదలుపెట్టాడు. పాత శాసనాల్లో వాడుక మాటలు కనబడతాయి కాబట్టి వాడుక భాష నిన్న మొన్న పుట్టింది కాదని వాదించాడు. దిబ్బిడి రేకులు చదివిన కళ్ళే ఆ వాదనకు సాక్ష్యాలు వెతికాయన్న సంగతి ఈ మండలం పిల్లలకు బళ్ళో చెప్పాలి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నాం కదా, ఆ రోజైనా చెప్పాలి.

ఇక ఆ మాట బతికిన చోటుకు వద్దాం.

తూర్పు కనుమల నుంచి దిగే పెద్దేరు, బొడ్డేరు, తాచేరు ఈ ప్రాంతానికి నీటి ఆధారం. చివరికి అవన్నీ శారదలో కలుస్తాయి. ఆ నీటితో వరి పండింది, మెట్ట గరువుల్లో చోళ్ళు, గంటెలు పండాయి. చేతికి డబ్బు తెచ్చింది మాత్రం చెరకు. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా పేరు తెచ్చుకుందంటే దాని వెనక వడ్డాది, తురకలపూడి, బంగారుమెట్ట, రాజాం, పొట్టిదొరపాలెం లాంటి ఊళ్ళ పొయ్యిలున్నాయి.

చెరకు ఒంటరిగా చేసే సేద్యం కాదు. విత్తనపు ముచ్చెలు నరకడానికి, నాటడానికి, ఎరువెయ్యడానికి, గెడలు పడిపోకుండా కలిపి జడచుట్లు వెయ్యడానికి, నరకడానికి, మోతకి, ఏడాది పొడవునా ఎవరో ఒకరు కావాలి. సంక్రాంతి ముందు గానుగ కట్టారంటే అక్కడ ఓ చిన్న ఊరు లేస్తుంది. తెల్లారకుండానే గానుగకి చెరకు అందించేవాడు ఒకడు, రసం పెనంలోకి పోసేవాడు ఒకడు, ఎండిన పిప్పి పొయ్యిలోకి ఎగదోసేవాడు ఒకడు, తడి పిప్పి ఎండకి పరిచే ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు. అందరి మీదా పాకం చూసే పెద్దమనిషి. రసం వేడెక్కగానే సున్నపు తేట పడుతుంది, మడ్డి పైకి తేలుతుంది, దాన్ని తీసెయ్యాలి. ఆపైన గంటల తరబడి మరగాలి. టన్ను చెరక్కి వంద కిలోలకు కొంచెం అటూ ఇటూ బెల్లం దిగుతుంది. మిగతాదంతా ఆవిరీ పిప్పీనే.

ఆ మరిగే గంటలే కబుర్ల గంటలు. చేతులు పనిలో ఉంటాయి, నోరు ఖాళీ. రసం తాగడానికి వచ్చిన వాడు, పిల్లాడికి వేడి పాకం ఆకులో పోయించుకోడానికి వచ్చినవాడు, చిలకడదుంప పాకంలో వేయించుకోడానికి వచ్చిన గుంటలు, పక్క ఊరి నుంచి మాట పట్టుకొచ్చినవాడు, అందరూ అక్కడే చేరతారు. అనకాపల్లిలో నిన్నటి ధర ఎంత పలికింది, ఎవరి దిమ్మలు మొదటి రకం కింద పోయాయి, ఎవరివి నల్లబడి తక్కువకి పోయాయి, ఏ దలారీ తూకంలో చెయ్యి వాటం చూపించాడు, ఏ మదుం ఎవరు రాత్రికి రాత్రి మూసేశారు, ఎవరి ఎద్దుకి కాలు పట్టింది, ఎవరి పిల్లకి సంబంధం కుదిరింది. ఇవన్నీ ఒక్క వరసలో వస్తాయి. పెళ్ళి కబురుకీ బెల్లం ధరకీ తేడా పెట్టి మాట్లాడరు, పెట్టవలసిన అవసరమూ లేదు. పెళ్ళి ఖర్చు ఆ దిమ్మల్లోంచే రావాలి.

మధ్యలో పెద్దమనిషి చన్నీళ్ళలో పాకం చుక్క వేసి, వేళ్ళ మధ్య ఉండ చేసి చూసుకుంటాడు. ఆ క్షణానికి అందరూ నోరు మూస్తారు. అప్పటికి పెనంలో పాకం నూరు డిగ్రీలు దాటి ఇంకో పద్దెనిమిది డిగ్రీలదాకా వెళ్ళి ఉంటుంది. ముందుగా దింపితే దిమ్మ కట్టదు, ఆలస్యమైతే మాడి రంగు పోతుంది. ఆయన దగ్గర థర్మామీటరు లేదు. ఏ గరువు చెరక్కి ఎంత సున్నం పట్టాలో, ఏ రకానికి ఎంత మంట కావాలో, పొయ్యి కాడ కూర్చుని విన్న కుర్రాడే పదేళ్ళ తర్వాత పెనం ముందు నిలబడతాడు. ఆ విద్యకు వేరే బడి లేదు.

అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం 1913లో మొదలైంది. విశ్వామిత్ర అనే 87ఏ298 లాంటి రకాలు అక్కడి నుంచే వచ్చాయి. రకం పేరులో ఉన్న ‘ఏ’ అనకాపల్లిదే. శాస్త్రవేత్తల శ్రమ గొప్పది, సందేహం లేదు. ఐతే కొత్త రకం ఊళ్ళోకి వచ్చిన ఏడు పొయ్యి దగ్గర ఎవరో ఒకరు “రసం బాగుంది గానీ బెల్లం రంగు రాలేదెహె” అన్నారంటే ఆ రకం మరుసటి ఏడు సగం పొలాల్లో కనబడదు. ఊరు దాన్ని ఒప్పుకోవాలంటే ఆ మాటల్లో కూడా నెగ్గాలి.

వరి ఊడ్పుల్లో ఆడవాళ్ళ మాట మరో దారి. “ఓలప్పా, నీ సాలు ఎనకడిపోతంది, రేతిరి నిద్దర్లేదేటి?” అని ఒకామె అంటే మడంతా నవ్వుతుంది. ఆ నవ్వుల మధ్యే ఈ ఏడు ఊడ్పు కూలి ఎంత అడగాలో తేలిపోతుంది. రైతు చెవిన పడేసరికి అది మడిలోని ఆడవాళ్ళందరి మాట.

రైతు మాట ప్రభుత్వం చెవిన పడ్డ సందర్భం ఒకటి ఉంది. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటుతో విశాఖ జిల్లాలో చాలా భాగం జమీందారీ అయింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక, రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ రైతుల బాధలు విచారించే కమిటీ ఏర్పడింది. ఆ రోజుల్లోనే కొమ్మారెడ్డి సత్యనారాయణమూర్తి, చలసాని వాసుదేవరావు ముందు నడవగా రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు పాదయాత్ర చేశారు. శిస్తు భారం, వెట్టి, బాగుచెయ్యని చెరువులు, పశువుల మేతకు కట్టే పుల్లరి. గట్ల మీద గొణుక్కున్న మాటలే సాక్ష్యాలుగా మారి 1938 నాటి కమిటీ నివేదికకు బలమయ్యాయి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది.

అప్పటికే ఈ చుట్టుపక్కల సహకార చక్కెర ఫ్యాక్టరీల ఆలోచన బలపడింది. ఏటికొప్పాకలో 1933లో రైతులు పెట్టుకున్న ఫ్యాక్టరీ దేశంలోనే తొలి సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటి. తర్వాత చోడవరం రైతులకు గోవాడ ఫ్యాక్టరీ వచ్చింది. దాంతో కబుర్లకు కొత్త చోటు దొరికింది. కాటా దగ్గర నాటుబళ్ళు, తర్వాత ట్రాక్టర్లు రాత్రంతా వరసలో నిలబడేవి. ఎద్దుల్ని విప్పి గడ్డి వేసి, చలిమంట వేసుకుని, బుచ్చయ్యపేట రైతూ రావికమతం రైతూ మాడుగుల రైతూ ఒక్కచోట కూర్చునేవారు. కటింగ్ ఆర్డరు ఎవరికి ముందొచ్చింది, ఎవరికి ఎందుకు రాలేదు, కిందటేడు చెరకు డబ్బు ఎప్పుడు పడుతుంది. పొయ్యి దగ్గర ఒక ఊరి మాటే నడిచేది. కాటా దగ్గర నాలుగు మండలాల మాట కలిసేది. సహకార సంఘం ఎన్నికల గాలి ఎటు వీస్తోందో ఆ చలిమంటల దగ్గర ముందుగా తెలిసేదని ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఈ మాటల్ని మాటలుగానే విని రాసుకున్న పని ఒకటి జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున రైతుల పదజాలం సేకరించే పెద్ద పని తలకెత్తుకున్నారు. రాష్ట్రమంతా ఊళ్ళకు మనుషులు వెళ్ళి నాగలి భాగాలు, కళ్ళం పనులు, నీటి పారుదల, పశువులు, చీడలు, కొలతలు, ఒక్కొక్కటీ రైతులు ఏమంటారో అడిగి రాసుకున్నారు. ఆ పని 1962లో ‘మాండలిక వృత్తిపదకోశం’ మొదటి సంపుటంగా, వ్యవసాయ పదాలతో వెలువడింది. భారతీయ భాషల్లో ఆ తరహా తొలి నిఘంటువుల్లో అదొకటి. తెలుగును నాలుగు మాండలికాలుగా విభజించి, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల మాటను తూర్పు మాండలికమని ఆయన నిర్ధారించడానికి ఆధారం ఈ రైతుల నోళ్ళే. గిడుగు కోరుకున్నది యాభై ఏళ్ళకు పొలం గట్టు మీద నెరవేరింది. నా దృష్టిలో తెలుగు పరిశోధనలో ఇంతకన్నా గౌరవమైన పని తక్కువ.

పదకోశం వచ్చిన మరుసటి ఏడు, 1963 ఆగస్టు 4న విశాఖపట్నం ఆకాశవాణి మొదలైంది. 1966 నుంచి ఆకాశవాణిలో వ్యవసాయానికి ప్రత్యేక విభాగాలు వచ్చాయి. రేడియోవాళ్ళు ఉపన్యాసం ఒక్కటే పెట్టుకోకుండా సంభాషణను ఎంచుకోవడంలో తెలివి ఉంది. రైతు సలహాను సలహాగా వినడు, పక్కవాడితో ఆడిన మాటగా వింటాడు. సాయంత్రం పొయ్యి దగ్గర ట్రాన్సిస్టర్ పెట్టుకుని, రేడియోలో మాట్లాడేవాళ్ళకి ఇక్కడి నుంచే జవాబులు చెప్పిన తరం ఇంకా మన మధ్య ఉంది.

ఇప్పుడు పొయ్యిలు తగ్గిపోతున్నాయి. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీల్లో గానుగ ఆగింది. గోవాడ రైతుల బకాయిల ఆందోళనలు ఈ మధ్య సంవత్సరాల్లో పదేపదే పత్రికలకెక్కాయి. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను తోటల్ని నేలకి పడగొట్టింది. ఆ తర్వాత చెరకు వైపు మళ్ళీ చూడనివాళ్ళు ఎందరో. కుర్రాళ్ళు విశాఖ వెళ్ళారు. అమ్మాయిలు తెల్లవారకుండానే బస్సెక్కి అచ్యుతాపురం సెజ్‌కి వెళుతున్నారు. చెరకు పోయిన చోట సరుగుడు వస్తోంది. ఎదిగిన సరుగుడుకి నరికేదాకా పెద్దగా మనుషులతో పని లేదు. నలుగురు కూడవలసిన పనే లేనప్పుడు ఆ నలుగురి మధ్య మాట ఎక్కడ నిలబడుతుంది? పంట మార్పిడి లెక్కల్లో ఎకరాకు రాబడి ఉంటుంది, ఈ నష్టం ఉండదు.

మాట పూర్తిగా పోలేదన్నది నిజం. టీకొట్టు దగ్గర బెల్లం ధర ఇప్పుడు ఫోనులో వస్తుంది, దాని మీద వాదన మాత్రం పాత గొంతులతోనే నడుస్తుంది. ఉపాధి పనుల్లో చెరువు మట్టి తీసే ఆడవాళ్ళ నవ్వు ఊడ్పుల నవ్వే. పొయ్యి విద్య తెలిసినవాళ్ళు మాత్రం పెద్దవాళ్ళైపోయారు. ఎడ్ల గానుగ తిప్పిన చేతులు ఇంకా అరుదు. వృత్తిపదకోశం కోసం కలం, కాగితం పట్టుకుని జరిగిన పని ఇప్పుడు ప్రతి జేబులోని ఫోనుతో చెయ్యొచ్చు. అనకాపల్లి, చోడవరం కాలేజీల పిల్లలు ఒక్క వేసవి వడ్డాది, దిబ్బిడి, తురకలపూడి అరుగుల మీద కూర్చుంటే చాలు. అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేం కావు. మీ ఊళ్ళో ఎడ్ల గానుగ పోయి ఇంజను వచ్చింది ఏ ఏడు? ముందెవరు తెచ్చారు? ఆ రోజు పొయ్యి కాడ ఏమనుకున్నారు? ఎవరు నవ్వారు, ఎవరు అప్పు చేసి మరుసటి ఏడే ఇంకో ఇంజను కొన్నారు?