పదోసారి కూడా పట్టే బ్రేకు

1950 జూన్‌లో ఫ్రాన్స్‌లో లె మాన్ 24 గంటల రేసు జరుగుతోంది. లెస్లీ జాన్సన్, బెర్ట్ హ్యాడ్లీ వంతులవారీగా నడుపుతున్న జాగ్వార్ ఎక్స్‌కే120 గంటల తరబడి ముందు వరసలోనే ఉంది. అలాంటి కారు 20 గంటలు దాటాక ఆగిపోయింది. ఇంజిన్ బాగానే ఉంది, పోయింది క్లచ్. నిజానికి ఆ క్లచ్‌ను తినేసింది బ్రేకులే. డ్రమ్ములు వేడెక్కి పట్టు తప్పేసరికి డ్రైవర్లిద్దరూ మలుపు మలుపుకీ గేర్లు దించుతూ, ఇంజిన్‌తోనే బండి వేగం తగ్గిస్తూ వచ్చారు. బ్రేకులు మోయాల్సిన భారమంతా క్లచ్ మీద పడింది.

ఎక్స్‌కే120 మామూలు కారు కాదు. 1948 లండన్ మోటార్ షోలో దాన్ని చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేకపోయారు. 3.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 160 హార్స్‌పవర్. పేరులోని 120 గంటకు మైళ్ల లెక్క. మరుసటి ఏడాది బెల్జియంలోని యాబెక్ రోడ్డు మీద గంటకు 213 కిలోమీటర్లు అందుకుని, ఆ అంకె గొప్పకు పెట్టింది కాదని నిరూపించింది. అంత పరుగును ఆపాల్సిన బ్రేకులు మాత్రం నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వెనక చక్రాలను అందం కోసం రేకుతో కప్పేశారు. ముందు చక్రాల రేకు రిమ్ములూ లోపలికి పెద్దగా గాలి పోనివ్వవు. ఇక వేడి బయటికి పోయే దారేది?

డ్రమ్ బ్రేకులో చక్రంతోపాటు తిరిగే ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు. పెడల్ తొక్కితే షూలు విచ్చుకుని డబ్బా లోపలి గోడను ఒత్తుతాయి. బండి నెమ్మదిగా పోతున్నప్పుడు ఇది చాలా మంచి ఏర్పాటు, ఎందుకంటే తిరిగే డబ్బాయే షూను తనవైపు లాక్కుని పట్టు పెంచుతుంది. వేడెక్కితేనే చిక్కు. డబ్బా వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది, షూ మీది లైనింగ్ పట్టు సడలుతుంది. పెడల్ ఇంకా ఇంకా కిందికి పోతుంటుంది, బండి ఆగదు. బరువు లోడుతో ఘాట్ రోడ్డు దిగే మన లారీ డ్రైవర్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. గేరు దించి దిగమని పెద్ద డ్రైవర్లు క్లీనర్లకు నేర్పేది అందుకే.

వేడి ఎంతో ఒకసారి లెక్కేద్దాం. సుమారు టన్ను బరువున్న రేసు కారు గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వచ్చి, మలుపు దగ్గర 50కి తగ్గాలి. ఆ కొద్ది క్షణాల్లో పుట్టే వేడితో ఆరు లీటర్ల చన్నీళ్లు మరిగిపోతాయి. లె మాన్‌లో ఆరు కిలోమీటర్ల తిన్నటి రోడ్డు చివర ఉండే ముల్సాన్ మలుపులో ప్రతి చుట్టుకీ జరిగేది ఇదే. మొదటిసారి ఏ బ్రేకైనా పడుతుంది. పదోసారీ, నూరోసారీ పట్టేదే బ్రేకు.

చక్రంతోపాటు తిరిగే బిళ్లను రెండు వైపులా ప్యాడ్లతో బిగించి ఆపే డిస్క్ బ్రేకు ఆలోచన అప్పటికే పాతది. బర్మింగ్‌హామ్ ఇంజినీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన బిళ్లను పట్టుకోవడానికి వాడింది రాగి. లోహం మీద లోహం రాసుకుని భరించలేని కీచుమోత వచ్చేది, ఆనాటి దుమ్ము రోడ్ల మీద రాగి ఇట్టే అరిగిపోయేది. తర్వాత చాలా ఏళ్లకు అది విమానాల చక్రాల్లోకి చేరింది. డన్‌లప్ కంపెనీ విమానాలకు డిస్క్ బ్రేకులు చేసేది. వాటిని కారుకు తేవాలని జాగ్వార్ చీఫ్ ఇంజినీర్ విలియం హేన్స్ బృందం, డన్‌లప్ ఇంజినీర్లు పట్టుబట్టి కూర్చున్నారు.

తెచ్చి బిగిస్తే సరిపోలేదు. విమానం దిగినప్పుడు ఒక్కసారి గట్టిగా బ్రేకు వేస్తుంది, మళ్లీ ఎగిరేలోపు చల్లారిపోతుంది. రేసు కారుకు నిమిషం తిరక్కుండానే మళ్లీ బ్రేకు కావాలి. 1952 మొదట్లో జాగ్వార్‌లో చేరిన టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్‌కు ఈ పని అప్పగించారు. నన్నడిగితే ఈ కథలో అసలు నాయకుడు ఆయనే. పాత విమానాశ్రయాల రన్‌వేల మీద పూర్తి వేగం అందుకోవడం, గట్టిగా బ్రేకు తొక్కడం, మళ్లీ వేగం అందుకోవడం, ఏదో ఒకటి పాడయ్యేదాకా అదే పని. ప్యాడ్ల వేడి బ్రేక్ ఆయిల్‌కు పాకి ఆయిల్ మరిగేది. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అవతలికి చేరుతుంది గానీ ఆవిరిని నొక్కితే అది ముడుచుకుపోతుంది. పెడల్ నేలకు తగులుతుంది, చక్రం దగ్గర ఏమీ జరగదు. ఆ వేగంలో కాలి కింద పెడల్ ఖాళీగా దిగిపోవడమంటే ఏమిటో తెలిసీ ఆయన మళ్లీ మళ్లీ సీట్లో కూర్చున్నాడు.

ఇంకో పేచీ ఉండేది. మలుపులో చక్రం హబ్ ఒరిగినప్పుడు డిస్క్ పక్కకు ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేది. తర్వాతి మలుపులో మొదటి తొక్కు ఆ సందు పూడ్చడానికే సరిపోయేది. అందుకే మలుపు రాకముందే పెడల్‌ను ఒకసారి తేలిగ్గా తాకి చూసుకోవడం డ్రైవర్లకు అలవాటైంది. డ్రమ్ములా డిస్క్ తనంతట తాను పట్టు పెంచుకోదు కాబట్టి కాలిబలానికి తోడుగా గేర్‌బాక్స్‌తో తిరిగే పంపు ఒకటి కలిపారు.

1952 మేలో ఇటలీలోని మిల్లె మిల్యా రేసుకు డ్రైవర్ స్టిర్లింగ్ మాస్, పక్క సీట్లో డ్యూయిస్, డిస్క్ బ్రేకుల జాగ్వార్ సి-టైప్ రేసు కారులో బయల్దేరారు. స్టీరింగ్ దెబ్బతిని మధ్యలోనే ఆగిపోయారు. అయినా నెల తిరిగాక ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో మాస్ గెలిచాడు. డిస్క్ బ్రేకుల కారుకు చెప్పుకోదగ్గ తొలి గెలుపు అదే. 1953 లె మాన్‌లో టోనీ రోల్ట్, డంకన్ హ్యామిల్టన్ జంట డిస్క్ బ్రేకుల సి-టైప్‌లో 304 చుట్లు తిరిగి, గంటకు 170 కిలోమీటర్లకు పైగా సగటుతో మొదటి స్థానం కొట్టేసింది. ఆ రేసులో సగటు 100 మైళ్లు దాటడం అదే మొదలు. రెండో స్థానం, నాలుగో స్థానం కూడా జాగ్వార్లవే. ఫెరారీల ఇంజిన్లు బలమైనవే గానీ వాటి డ్రైవర్లు ముందుగా బ్రేకు తొక్కాల్సి వచ్చేది. జాగ్వార్లు ఇంకాస్త దూరం వేగంగా పోయి అప్పుడు తొక్కేవి. ఆపగలిగే బండికే వేగంగా పోయే హక్కుంటుందని ఆ వారాంతం తేల్చింది.

1955 లె మాన్ గురించి చెప్పకుండా దాటలేం. జూన్ 11న డ్రైవర్ హాథార్న్ నడుపుతున్న జాగ్వార్, కార్లు పెట్రోలుకూ మరమ్మతులకూ ఆగే పిట్ కోసం బ్రేకు వేసింది. వెనకున్న ఆస్టిన్-హీలీ పక్కకు తప్పుకుంది. దాని వెనక లెవెగ్ నడుపుతూ దూసుకొస్తున్న మెర్సిడెస్ హీలీ మీదికెక్కి ఎగిరిపడింది, దాని ముక్కలు జనంలోకి దూసుకెళ్లాయి. 80 మందికి పైగా చనిపోయారు. విచారణ ఎవరినీ దోషిగా తేల్చలేదు. పిట్ల ముందు ఆ దారి ఇరుకు, ఆగే కార్లకూ సాగే కార్లకూ మధ్య అడ్డు లేదు. ఒక కారు బ్రేకులు ఎంత మెరుగైనా వెనక వచ్చేవాడికి ఆగే చోటు కావాలి కదా.

1957లో వచ్చిన ఎక్స్‌కే150కి నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు దొరికాయి. ఎక్స్‌కే120లను ప్రాణంగా చూసుకునే యజమానులు ఇప్పటికీ ప్రపంచమంతా ఉన్నారు. చాలామంది ముందు చక్రాలకు డిస్కులు వేయిస్తారు. నా మటుకు నేను ముందు డబ్బు పెట్టమనేది వేరే చోట. పాత రబ్బరు హోసులు లోపల ఉబ్బి ఆయిల్‌ను అడ్డుకుంటాయి, వాటిని మార్చాలి. గాలి తగిలే తీగ చక్రాలు వేయొచ్చు, వేడిని త్వరగా వదిలే పక్కటెముకల అల్యూమినియం డ్రమ్ములు వేయొచ్చు. ఎన్ని మార్చినా ఒక్కసారి బ్రేకు వేసినప్పుడు బండిని ఆపేది చివరికి టైరు పట్టే. డిస్కులు వేయిస్తే మాత్రం మాస్టర్ సిలిండర్ కొలత, బూస్టర్, ముందు వెనకల సమతూకం మూడూ కలిపి చూసుకోవాలి. లేదంటే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి తిరిగిపోతుంది. తీసిన డ్రమ్ములు పారేయకుండా దాచి ఉంచితే రేపు కారును మళ్లీ పుట్టిన రూపానికి తేవొచ్చు.

బ్రేక్ ఆయిల్ సంగతి అన్నిటికంటే ముఖ్యం. మామూలుగా వాడే ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఏడాదికి నాలుగుసార్లు మాత్రమే షెడ్డు దాటే కారులోనూ ఆయిల్ తేమను పీలుస్తూనే ఉంటుంది కాబట్టి, బండి తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకోసారి దాన్ని మార్చాల్సిందే.