తిత్లీల గింతీ

ఒక్క పూటలో ఎన్ని రకాల తిత్లీలు కనిపిస్తాయో గింతీ చేయాలంటే పాతబస్తీలో నేను ముందు ఆకులు వెతుకుతాను. తేనె ఏ పువ్వుదైనా తాగుతాయి గానీ, వాటి గొంగళిపురుగులకు సొంత ఆకే కావాలి. ఆంగన్‌లో నిమ్మ, కరివేపాకు ఉంటే లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ వస్తాయి. ఖబ్రస్తాన్ గోడవార జిల్లేడుంటే నారింజ రంగు ప్లెయిన్ టైగర్. ఫజర్ కాగానే పరుగెత్తితే లాభం లేదు, ఎండకు రెక్కలు వెచ్చబడాలి.

ప్లెయిన్ టైగర్ తారీఖ్ చాలా పాతది. మిస్ర్‌లో క్రీ.పూ. 1350 ప్రాంతంలో నెబామున్ అనే ధాన్యం లెక్కల ముంషీ మఖ్బరా గోడ మీద దాని తస్వీర్ గీశారు. 1758లో లినేయస్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. జిల్లేడు విషం ఒంట్లో ఉంటుంది కాబట్టి పిట్టలు దాన్ని ముట్టవు. ఆ ఫాయిదా కోసమే ఆడ డానాయిడ్ ఎగ్‌ఫ్లై అచ్చం అదే వేషంలో తిరుగుతుంది. గింతీలో ధోకా ఇక్కడే! వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్లచుక్కలుంటే అసలుది, ఒక్కటే ఉంటే ఎగ్‌ఫ్లై. దీని పురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర.

మూడో నిజాం దివాన్ మీర్ ఆలం పేరున్న చెరువుకు 21 కమానుల కట్ట ఇంకా నిలిచే ఉంది. ఆ ఒడ్డున 1963లో తెరిచిన జూలో సీతాకోకచిలుకల పార్కూ ఉంది. అయినా నా గింతీ గల్లీల్లోనే. ఆంగన్ పోయి అపార్ట్‌మెంట్ లేచిన చోట ఒక్క నిమ్మచెట్టుతో రెండు రకాలు పోతాయి. అమ్మీలు డబ్బాల్లో కరివేపాకు పెంచే మిద్దెల మీద మార్మన్ ఇంకా గుడ్లు పెడుతోంది.