హిల్ డిస్ట్రిక్ట్ అంబులెన్సు

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1967లో ఏర్పడి 1975 వరకు నడిచిన ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీస్ ఒక ప్రైవేటు, లాభాపేక్ష లేని సంస్థ. రోగిని ఆస్పత్రికి చేర్చడమే కాక, దారిలోనే చికిత్స చేయగల పారామెడిక్‌లను సమగ్రమైన శిక్షణతో తయారుచేసిన తొలి సంస్థల్లో అది ఒకటి. అందులో పనిచేసినవారు హిల్ డిస్ట్రిక్ట్ అనే పేటకు చెందిన నల్లజాతి యువకులు. వారిలో చాలామంది అప్పటిదాకా స్థిరమైన ఉద్యోగం ఎరగనివారు.

అంతకుముందు అమెరికాలో అంబులెన్సు అంటే పడుకోబెట్టడానికి చోటున్న బండి మాత్రమే. 1966లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రమాద మరణాలపై వెలువరించిన నివేదిక ప్రకారం, దేశంలోని అంబులెన్సు సేవల్లో దాదాపు సగం అంత్యక్రియలు జరిపించే సంస్థల చేతిలో ఉండేవి. శవాన్ని మోసే బండే ప్రాణమున్న మనిషినీ మోసేది. పిట్స్‌బర్గ్‌లో ఆ పని పోలీసులది. ఖైదీలను తరలించే వ్యాన్‌లో రోగిని వెనక పడుకోబెట్టి, ఇద్దరు పోలీసులూ ముందు సీట్లలో కూర్చుని బండి తోలేవారు. వెనక రోగి ఊపిరి ఆగిపోయినా చూసే దిక్కుండేది కాదు. హిల్ డిస్ట్రిక్ట్ వాసులకు ఇది మరీ కష్టంగా ఉండేది. 1950ల్లో నగరం ఆ పేట దిగువ భాగాన్ని కూలగొట్టి క్రీడా ప్రాంగణం కట్టడానికి పూనుకున్నప్పుడు సుమారు 8,000 మంది ఇళ్లు కోల్పోయారు. పోలీసులంటే అక్కడ భయమూ కోపమూ రెండూ ఉండేవి. పిలిస్తే వస్తారో రారో తెలియదు, వచ్చినా మర్యాదగా చూస్తారన్న నమ్మకం లేదు.

1966 నవంబరులో పెన్సిల్వేనియా మాజీ గవర్నర్ డేవిడ్ లారెన్స్ ఒక ఎన్నికల సభలో గుండె ఆగి కుప్పకూలాడు. ఆయన్నూ పోలీసు వాహనంలోనే తీసుకెళ్లారు. స్పృహ రాకుండానే సుమారు రెండున్నర వారాల తర్వాత కన్నుమూశాడు. రాష్ట్రాన్ని ఏలిన మనిషికే ఆ గతి పట్టినప్పుడు పేదవాడి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అదే ఏడాది పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ వైద్యుడు పీటర్ సఫార్ కూతురు ఎలిజబెత్ ఉబ్బసంతో చనిపోయింది. వియన్నాలో పుట్టి అమెరికాకు వచ్చిన సఫార్, నోటితో ఊపిరి అందించే పద్ధతిని శాస్త్రీయంగా నిరూపించినవాడు, గుండె ఆగినవారికి ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించే నేటి సీపీఆర్ పద్ధతి రూపకర్తల్లో ఒకడు. ఆస్పత్రికి చేరేలోపు పోయే నిమిషాల విలువ ఆయనకు వైద్యుడిగానే కాక తండ్రిగానూ తెలిసింది. మారిస్ ఫాక్ మెడికల్ ఫండ్ అధ్యక్షుడు ఫిల్ హాలెన్ అప్పటికే హిల్ డిస్ట్రిక్ట్‌కు సొంత అంబులెన్సు ఉండాలని ఆలోచిస్తున్నాడు. నల్లజాతి వారి ఉపాధి కోసం పనిచేస్తున్న ఫ్రీడమ్ హౌస్ ఎంటర్‌ప్రైజెస్ మూడో భాగస్వామి అయింది. ఒకరు డబ్బు, ఒకరు విద్య తెచ్చారు. ఫ్రీడమ్ హౌస్ మనుషులను తెచ్చింది. ఆ పేటవారి నమ్మకం కూడా వారితోనే వచ్చింది.

శిక్షణ సుమారు 300 గంటలు. శరీర నిర్మాణం, సీపీఆర్, ప్రసవాలు, బండి నడిపే జాగ్రత్తలు అన్నీ నేర్పారు. ఆపరేషన్ థియేటర్లో, అత్యవసర విభాగంలో నిలబెట్టి పని చేయించారు. హైస్కూలు పూర్తికానివారికి ఆ చదువూ చెప్పించారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చినవారు, జైలుకెళ్లి వచ్చినవారు కూడా వారిలో ఉన్నారు. పనికిరారని నగరం ముద్ర వేసినవారి చేతికి సఫార్ ప్రాణాలను అప్పగించాడు. సంస్థ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం అదే. వాహనాన్నీ ఆయనే కొత్తగా రూపొందించాడు. రోగి తల దగ్గర కూర్చుని శ్వాస అందించడానికి చోటు, చేతికందేలా ఆక్సిజన్, గొంతులోని కఫాన్ని తీసే పరికరం అందులో ఉండేవి.

1968లో సేవ మొదలైంది. తొలి ఏడాది సుమారు 5,800 పిలుపులు వచ్చాయి. 4,600 మందికి పైగా రోగులను ఆస్పత్రులకు చేర్చారు. సఫార్ లెక్కల ప్రకారం ఆ ఏడాది 200 మంది ప్రాణాలు నిలిచాయి. ఆ సేవకు ప్రచారకులు కోలుకుని ఇంటికి తిరిగొచ్చిన రోగులే. పోలీసులకు ఫోన్ చేసినవారు కూడా తమకు ఫ్రీడమ్ హౌస్ వారినే పంపమని అడగసాగారు.

డబ్బు దగ్గరే ఇబ్బంది. ఫౌండేషన్ విరాళాలు, పేదరిక నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నిధులు, నగరంతో కుదిరిన ఒప్పందం, వీటి మీదే సంస్థ నడిచింది. రోగుల్లో అధికశాతం పేదలు కనుక రుసుములతో బండి సాగదు. 1970లో మేయరైన పీటర్ ఫ్లాహర్టీకి నగర సేవలు ప్రైవేటు సంస్థ చేతిలో ఉండటం నచ్చలేదు. నగరం చెల్లింపులు ఆలస్యమయ్యేవి. మరోపక్క సంపన్నుల పేటలకు ఇంకా పోలీసు వ్యాన్లే వెళ్తుంటే, పేదల పేటకు నిపుణులైన పారామెడిక్‌లు వస్తున్నారన్న అసంతృప్తి పెరిగింది. సంస్థను నగరమంతటికీ విస్తరించడం సహజమైన పరిష్కారం. ఆ దారి మాత్రం తెరుచుకోలేదు.

1974లో వైద్య పర్యవేక్షకురాలిగా వచ్చిన డాక్టర్ నాన్సీ కరోలిన్ సంస్థను మరో మెట్టు ఎక్కించింది. బృందాలతో పాటు తానూ బండెక్కి కేసులకు వెళ్లేది, ప్రతి కేసునూ తర్వాత సమీక్షించేది. అక్కడ గడించిన అనుభవంతో పారామెడిక్‌ల శిక్షణకు జాతీయ పాఠ్యప్రణాళిక రూపొందించింది. అత్యవసర చికిత్సపై ఆమె రాసిన పాఠ్యగ్రంథం ఆ రంగంలో ప్రామాణికమైంది.

1975 అక్టోబరులో నగరం సొంత అంబులెన్సు విభాగాన్ని ప్రారంభించి ఫ్రీడమ్ హౌస్‌తో ఒప్పందాన్ని ముగించింది. ఉన్నవారందరినీ చేర్చుకోవాలని కరోలిన్ పట్టుబట్టింది. చేర్చుకున్నారు కూడా. కానీ పాత బృందాలను విడగొట్టారు, కొత్తగా పరీక్షలు పెట్టారు, ఏళ్ల అనుభవం ఉన్నవారిని తమకన్నా తక్కువ తెలిసిన తెల్లవారి కింద వేశారు. చాలామంది మానేశారు, కొందరిని తొలగించారు. ఇది న్యాయం కాదు. ఆ విభాగం నిలబడింది వారు రుజువు చేసిన విద్య మీదే. నిలదొక్కుకున్న కొద్దిమందిలో జాన్ మూన్ ఒకడు. అదే నగర విభాగంలో సహాయ అధిపతి స్థాయికి ఎదిగి, నల్లజాతి యువతను తిరిగి ఆ వృత్తిలోకి తీసుకురావడానికి పాటుపడి, 2009లో పదవీ విరమణ చేశాడు.